పెద్దమనుషుల కాగితం మీద సంతకం పెడితే విడాకులైనట్టేనా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది కావలి దగ్గర పల్లెటూరు. పెళ్లయి ఆరేళ్లు. ఆయనకు చెన్నైలో ఉద్యోగం. నాలుగేళ్ల పాప ఉంది. గొడవలు భరించలేక పద్నాలుగు నెలల కిందట పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను. మొన్న సంక్రాంతికి రెండు వైపుల పెద్దమనుషులు కూర్చుని వంద రూపాయల స్టాంపు కాగితం రాయించారు. ‘ఇద్దరం ఇష్టపూర్వకంగా విడివిడిగా ఉంటున్నాం, మూడు లక్షలు ముట్టాయి, ఇకమీదట భరణం అడగను’ అని అందులో ఉంది. నాతో సంతకం పెట్టించారు. చేతికి వచ్చింది లక్షన్నరే. నా బంగారం పద్దెనిమిది సవర్లు అత్తగారి బీరువాలోనే ఉంది. ఇప్పుడు ఆయనకు వేరే సంబంధం చూస్తున్నారట. నాకు విడాకులు అయిపోయినట్టేనా?

జవాబు: కాలేదు తల్లీ. ఆ కాగితం మీద ఎంతమంది సాక్షి సంతకాలు చేసినా, నోటరీ ముద్ర పడినా మీరు ఇప్పటికీ అతని భార్యే. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని రద్దు చేయాల్సింది కోర్టు. కొన్ని కులాల్లో పెద్దల ముందు విడిపోయే ఆచారం ఉంటే 29(2) సెక్షన్ దాన్ని గుర్తిస్తుంది. కానీ ఆ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. మా ఊళ్లో ఇద్దరు ముగ్గురు అలాగే విడిపోయారంటే సరిపోదు.

ఆ కాగితాన్ని నమ్ముకుని అతను ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద అది ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. మీకైనా ఇదే వర్తిస్తుంది. ‘కాగితం అయిపోయింది కదా’ అని మీవాళ్లు మీకు వేరే సంబంధం చూస్తే దయచేసి ఒప్పుకోవద్దు. ఇలాగే కాగితంతో విడిపోయి, మళ్లీ పెళ్లి చేసుకున్న ఒకామె భరణం అడిగితే, ‘మొదటి పెళ్లి రద్దే కాలేదు, ఈమె నాకు భార్య కాదు’ అని రెండో భర్త వాదించాడు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆమెకు భరణం ఇప్పించింది. న్యాయం జరిగింది, సంతోషమే. కానీ నెలనెలా ఇంటి ఖర్చుకు రావాల్సిన డబ్బు కోసం ఆమె ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చింది. మీకు ఆ గతి పట్టకూడదు.

మీ కాగితంలో నన్ను అన్నిటికంటే భయపెట్టిన మాట ‘ఇష్టపూర్వకంగా విడివిడిగా ఉంటున్నాం’ అన్నది. రాసిన వాళ్లకు అది మర్యాద కోసం వేసిన వాక్యం. కోర్టులో దాని బరువు వేరు. భరణం ఇప్పించే సెక్షన్ పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లో 125, దాని బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 144. భార్యాభర్తలు పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే భార్యకు భరణం రాదని ఆ సెక్షన్‌లోనే ఉంది. అంటే ఆ కాగితంతో విడాకులు రావు గానీ, మీ భరణానికి అడ్డుపెట్టడానికి మాత్రం అవతలి వకీలు దాన్నే పట్టుకొస్తాడు. అందుకే మీరు ఇల్లు వదలడానికి అసలు కారణం ఏమిటో ఇప్పుడే తేదీలతో రాసి పెట్టుకోండి. దెబ్బలు తగిలి ఆసుపత్రికి వెళ్లి ఉంటే ఆ చీటీలు, అప్పట్లో మీ అమ్మకో అక్కకో పంపిన వాట్సాప్ మెసేజ్‌లు దాచండి. డబ్బు ఫోన్‌పేలో వచ్చి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. మూడు లక్షలు ముట్టాయన్న రాతకు అదే సమాధానం. ‘భరణం అడగను’ అని రాసినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. పాప భరణం సంగతైతే, దాన్ని వదులుకునే అధికారం మీకూ లేదు, ఆ పెద్దమనుషులకూ లేదు.

బంగారం మీ స్త్రీధనం. అత్తగారి దగ్గర పెట్టినంత మాత్రాన ఆమెది అయిపోదు. 1985లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు వేస్తే బంగారం తిరిగి ఇప్పించడం, నెలవారీ డబ్బు, పాప కస్టడీ అన్నీ ఒకే చోట అడగవచ్చు. పెళ్లి ఆల్బమ్ ముందు పెట్టుకుని ఒక్కో నగా పేరు, బరువు రాయండి. హారం ఏ ఫోటోలో కనబడుతోంది, వంకీ ఎందులో ఉంది, అది కూడా పక్కనే రాయండి. కొన్న కొట్టులో పాత బిల్లు నకలు అడగండి. ఉత్త ‘పద్దెనిమిది సవర్లు’ అనే కేసుకూ, ఇలా రాసిచ్చిన కేసుకూ చాలా తేడా ఉంటుంది.

ఇద్దరికీ నిజంగా విడిపోవాలనే ఉంటే హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకార విడాకులు ఉన్నాయి. విడిగా ఏడాది ఉండాలి, అది మీకు నిండింది. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఈ గడువును కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మిగిలిన లక్షన్నర, బంగారం, పాప చదువు ఖర్చు, పాప ఎవరి దగ్గర ఉంటుంది, ఇవన్నీ ఆ పిటిషన్‌లోనే రాయించాలి. డీడీ చేతికి రాకుండా, ఆ గడువు తర్వాత విడాకులకు ఒప్పుకుంటూ కోర్టులో ఇచ్చే రెండోసారి స్టేట్‌మెంట్ ఇవ్వకండి. చివరి డిక్రీ వచ్చేదాకా మీ అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు మీకుంది.

చెన్నై వెళ్లక్కర్లేదు. మీరు ఉంటున్న చోటే కేసులు వేయవచ్చు. వకీలు ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. కావలి కోర్టులో మండల న్యాయ సేవా కమిటీని గానీ, నెల్లూరు జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థను గానీ అడగండి. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ఆధార్, పెళ్లి ఫోటో, శుభలేఖ, ఆ స్టాంపు కాగితం జిరాక్స్ తీసుకెళ్లండి. అక్కడ ఇచ్చిన వకీలు డబ్బు అడిగితే ఇవ్వొద్దు, సంస్థ కార్యదర్శికి రాసివ్వండి. ఆ కార్యదర్శి జడ్జి హోదా ఉన్న అధికారి. ఇదంతా ఈ వారంలోనే మొదలుపెట్టండి. అవతల పెళ్లి జరిగిపోయాక చిక్కులు పెరుగుతాయి.

ప్రశ్న: కొండపి దగ్గర పొగాకు రైతును. అమ్మాయికి పసుపు కుంకుమ కింద రెండెకరాలు తన పేరుతోనే రిజిస్టర్ చేసిచ్చాను. ఇప్పుడు వాళ్లిద్దరికీ పడక కోర్టుకెక్కారు. అల్లుడు సగం తనదంటున్నాడు.

జవాబు: అయ్యా, దిగులు పడకండి. అమ్మాయి పేరుతో రిజిస్టరయిన పొలం పూర్తిగా ఆమె సొంతం. విడాకులైనా కాకపోయినా అందులో అల్లుడికి వాటా లేదు. పాస్‌బుక్, 1-బి (రెవెన్యూ రికార్డు నకలు), ఈసీ (రిజిస్ట్రేషన్ లావాదేవీల పత్రం) ఆమె పేరుతోనే ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి. అల్లుడు తెచ్చిన ఏ కాగితం మీదా అమ్మాయి చేత సంతకం పెట్టనివ్వకండి.

ప్రశ్న: కనిగిరి నుంచి బెంగళూరు వచ్చి తాపీ పని చేస్తున్నాను. నా భార్యకు నెలకు ఆరు వేలు ఇవ్వమని కోర్టు చెప్పింది. పని దొరక్క అయిదు నెలలుగా కట్టలేదు. జైల్లో వేస్తారా? జైలుకెళ్తే బాకీ పోతుందా?

జవాబు: వేయవచ్చు తమ్ముడూ. తగిన కారణం లేకుండా కట్టకపోతే వారంటు ఇచ్చి నెల దాకా జైలుకు పంపే అధికారం కోర్టుకుంది. శిక్ష అనుభవించినా బాకీ పోదు, ఇది సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పిన మాట. కాబట్టి వారంటు వచ్చేదాకా ఆగకుండా వాయిదాకు వెళ్లి, చేతనైనంత కట్టి, మిగతాది వాయిదాల్లో కడతానని అడగండి. సంపాదన నిజంగానే తగ్గిందంటే నెలవారీ మొత్తం తగ్గించమని నాగరిక్ సురక్షా సంహిత 146వ సెక్షన్ కింద పిటిషన్ వేసుకోవచ్చు. అప్పుడు ఆస్తులు, ఆదాయం, అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. మేస్త్రీ ఇచ్చే కూలి, గది అద్దె, ఇంటికి పంపే డబ్బు అన్నీ ఉన్నదున్నట్టు రాయండి. ఒక్క అబద్ధం బయటపడితే మిగతా ఏదీ జడ్జి గారు నమ్మరు. మీరు ఎస్సీ, ఎస్టీ అయినా, ఆదాయం పరిమితి లోపల ఉన్నా మీకు కూడా ఉచితంగా వకీలును ఇస్తారు. వచ్చే వాయిదాకు ముందే ఆ దరఖాస్తు పెట్టండి. ఈలోగా మీ భార్య ఖాతాలో వెయ్యో రెండు వేలో వేస్తూ, రసీదులు దాచుకోండి.