1976 మెట్రిక్ బ్యాచ్ వాళ్లం, పర్లాకిమిడిలో మళ్లీ కలుద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ: ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో తెలుగు మీడియంలో చదివి 1976లో మెట్రిక్ రాసినవాళ్లు డెబ్బై మంది దాకా ఉంటారు. చేతిలో ఉన్నవి ఇరవై రెండు ఫోన్ నంబర్లు. సగం మంది శ్రీకాకుళం, విశాఖ వైపు స్థిరపడ్డారు, మిగతావాళ్లు ఒడిశాలోనే ఉన్నారు. వాట్సాప్ గ్రూపు ఉంది కానీ అందులో శుభోదయం బొమ్మలే. ఇద్దరు పోయిన సంగతి ఆర్నెల్లకు గానీ తెలియలేదు. ఇక యాభై ఏళ్ల కలయికకు హాలు మాట్లాడేయమంటారా అని అడిగారు.

హాలు ఇప్పుడే వద్దండీ. ముందు పేర్ల పట్టిక తయారుచేయండి. ఇలాంటివి చాలావరకు చెడేది భోజనాల దగ్గర కాదు, "నాకెవరూ చెప్పలేదు" అనే మాట దగ్గర.

పట్టికకు మూలం బడిలోని అడ్మిషన్ రిజిస్టరు. మీలో ముగ్గురు కలిసి, చదివిన సంవత్సరాలు రాసి, హెడ్మాస్టరు గారికి ఒక దరఖాస్తు ఇవ్వండి. జిరాక్సు ఇమ్మంటే సాధారణంగా ఒప్పుకోరు. అక్కడే కూర్చుని చేత్తో రాసుకుంటామంటే ఎక్కువమంది కాదనరు. విద్యార్థి పేరు, తండ్రి పేరు, ఊరు, చేరిన తరగతి, ఈ నాలుగు చాలు. పుట్టిన తేదీ మాత్రం రాసుకోవద్దు. ఆ రోజుల్లో బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిన తేదీకీ అసలు తేదీకీ పొంతన ఉండదు. దాన్ని పట్టుకుని గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు పెడితే "నాది శ్రావణంలోరా" అని తగువు.

సరిహద్దు బళ్లలో పేర్లకు ఒక చిక్కుంది. ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివరికి పోతుంది, మన పద్ధతిలో ముందు ఒక అక్షరంగా మిగులుతుంది. పాత్రుడు ఒక చోట పాత్రో అవుతాడు. అందుకే ఒకే మనిషి రెండు పేర్లతో పట్టికలోకి ఎక్కుతాడు, లేదా ఇద్దరు వేరువేరు మనుషులు ఒక్కరైపోతారు. తండ్రి పేరు, ఊరు పక్కనే ఉంటే ఈ పొరపాటు జరగదు. చిరునామాల్లో జిల్లా పేర్లనూ నమ్మకండి. మీరు చదివినప్పుడు అది గంజాం జిల్లా, 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా విడిపోయింది. అటు పాత చిరునామాలో శ్రీకాకుళం జిల్లా అని ఉన్న పాలకొండ, సీతంపేట వైపు ఊళ్లు 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి.

అన్నిటికన్నా కష్టం ఆడపిల్లల్ని పట్టుకోవడం. రిజిస్టరులో పుట్టింటి పేరు ఉంటుంది, ఓటరు జాబితాలో భర్త పేరు ఉంటుంది, ఫోనులో కొడుకు పేరుంటుంది. కాబట్టి వాళ్లను నేరుగా వెతక్కండి, అన్నదమ్ముల్ని వెతకండి. పుట్టింటి ఊళ్లో పాత కిరాణా కొట్టాయన, గుడి పూజారి, పోస్టుమాన్‌గా చేసి రిటైరైనాయన, వీళ్లలో ఒకరికి "ఫలానావారి రెండో అమ్మాయిని గుణుపురం ఇచ్చారు" అన్నంత వరకు తెలిసే ఉంటుంది. ఫోను మాత్రం మీ బ్యాచ్ ఆడవాళ్లలో ఒకరే చెయ్యాలి. యాభై ఏళ్ల తరువాత ఎవరో మగ గొంతు "నేను గుర్తున్నానా" అంటే ఆ ఇంట్లో అది మంచి మొదలు కాదు.

మగవాళ్లను ఉద్యోగాల దారిలో వెతకండి. ఆ ప్రాంతం నుంచి వెళ్లినవాళ్లు ఎక్కువగా తేలేది రైల్వేలో, విశాఖ ఉక్కులో, సునాబెడలోని హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో, దామన్‌జోడి నాల్కో అల్యూమినియం కంపెనీలో, రాయగడ దగ్గర జేకేపూర్ పేపరు మిల్లులో, రూర్కెలా, భిలాయిల్లో. ప్రతి చోటా రిటైరైనవాళ్ల సంఘాలుంటాయి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు కోసం బ్యాంకులకు వస్తారు. ఆ నెలలో పట్టిక కాగితం ఒకటి మీ వాళ్ల జేబులో ఉంటే నాలుగైదు పేర్లు సులువుగా కలుస్తాయి.

పట్టికలో ప్రతి పేరు పక్కనా చివరి గడి ఒకటి పెట్టండి: ఎవరు, ఏ తేదీన, ఎవరితో మాట్లాడి ధ్రువపరిచారు. ఇది లేకపోతే బతికున్నవాళ్లను పోయినవాళ్లలో కలిపేస్తారు. ఒకే ఊళ్లో ఒకే పేరు గలవాళ్లు ముగ్గురుండటం మన దగ్గర వింతేమీ కాదు.

ఇక వార్తల సంగతి. ఉన్న గ్రూపును కబుర్లకు వదిలేయండి, దాన్ని బాగుచేయాలని చూడకండి. బొమ్మలు పెట్టేవాళ్లకు అదే రోజూ పలకరింపు, ఆపమంటే అలుగుతారు. వార్తల కోసం వేరే గ్రూపు తెరిచి, అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా సెట్టింగు పెట్టండి. అడ్మిన్లు ముగ్గురు ఉండాలి: ఒకరు ఒడిశా వైపు, ఒకరు ఆంధ్రా వైపు, ఒకరు మహిళ. ఒక్కరే ఉంటే ఆయన ఆసుపత్రిలో పడిన నెల గ్రూపూ మూగబోతుంది.

మరణ వార్తకు ఒక పద్ధతి ముందే అనుకోండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడాకే పెట్టాలి. పేరు, పుట్టింటి లేదా ఇంటిపేరు, ఊరు, పోయిన తేదీ, పెద్దకర్మ ఏ రోజు ఎక్కడ, కుటుంబంలో ఎవరికి ఫోను చేయవచ్చు, అంతే. ఆసుపత్రి ఫొటోలు వద్దు. జబ్బు కబురు మాత్రం ఆ మనిషి ఒప్పుకుంటేనే పెట్టండి. సంబంధం మాట్లాడుతున్న పిల్లలుంటే తండ్రి జబ్బు ఊరంతా తెలియడం వాళ్లకు ఇష్టముండదు. సంతాపాలు కబుర్ల గ్రూపులో పెట్టుకోమనండి. వార్తల గ్రూపులో యాభై "ఓం శాంతి"ల కింద కర్మ తేదీ మునిగిపోకూడదు.

రాయడం ఇబ్బందైనవాళ్లకు గొంతు సందేశాలే మేలు, కానీ నిమిషం దాటనీయకండి. పిల్లలు ఒడియా మీడియంలో చదివిన ఇళ్లలో తెలుగు అక్షరం చదివేవాళ్లు ఉండకపోవచ్చు, కాబట్టి ఆహ్వానం తెలుగులోనూ ఒడియాలోనూ వేయించండి.

ఇంకో మాట. మన వయసువాళ్ల వాట్సాప్ ఖాతాలు దొంగల చేతికి ఇట్టే చిక్కుతున్నాయి. స్నేహితుడి పేరుతో "ఆసుపత్రిలో ఉన్నాను, పదివేలు పంపు" అని వస్తే, ముందు ఫోను చేసి గొంతు వినాలి. అందరి చేతా రెండంచెల పిన్ పెట్టించండి, ఫోనుకు వచ్చే ఆరంకెల కోడ్ ఎవరడిగినా చెప్పవద్దనండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చెయ్యాలి, గంటలు గడిస్తే రాబట్టడం కష్టం.

తేదీ విషయంలో నా ఓటు సంక్రాంతికి ముందు, జనవరి మొదటి పది రోజుల్లో వచ్చే ఆదివారానికి. ధనుర్మాసంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కల్యాణ మండపాలు, వంటవాళ్లు, షామియానా వాళ్లు ఖాళీ. డిసెంబరు చివరి వారం వద్దు, ఒడిశాలో అది పిక్నిక్‌ల రోజులు, వాహనం దొరకదు. అక్టోబరు అసలే వద్దు. 2013లో ఫైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర, 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటాయి. కార్తీకంలో చాలా ఒడియా ఇళ్లలో నియమాలుంటాయి. ఫిబ్రవరి, మార్చిలో బడికి మెట్రిక్ పరీక్షల హడావుడి. సరస్వతీ పూజ రోజు బడి అందంగా ఉంటుంది గానీ హెడ్మాస్టరుకు మీవైపు చూసే తీరిక ఉండదు.

రైలు రిజర్వేషన్లు 60 రోజుల ముందే తెరుస్తారు, కాబట్టి తేదీ మూడు నెలల ముందే ఖాయం కావాలి. అరవై దాటిన మగవాళ్లకు, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకు కింది బెర్తు కోటా ఉంది, అయితే ఒక టికెట్టు మీద ఒకరు గానీ ఇద్దరు గానీ ఉంటేనే. ఆరుగురం ఒకేచోట కూర్చుందామని కలిపి తీశారో, మోకాళ్ల నొప్పులవాళ్లంతా పై బెర్తు వైపు చూస్తూ నిలబడాలి. వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదని కూడా ముందే చెప్పండి, కొందరు ఇంకా ఉందనుకుంటారు.

దూరంనుంచి వచ్చేవాళ్లు పలాసలో దిగి రోడ్డు మీద రావడం నయం. విశాఖ నుంచి గుణుపురం పాసింజరు ఎక్కితే పర్లాకిమిడిలోనే దిగవచ్చు, తీరిక ఉన్నవాళ్లకు బాగుంటుంది. మీ రోజుల్లోని చిన్న రైలు 2004లో ఆగిపోయింది, ఇప్పుడు బ్రాడ్‌గేజి. ఆంధ్రా నుంచి అద్దె కారు మాట్లాడుకునేవాళ్లు ఒడిశాకు పర్మిటు ఉందా, లేకపోతే తాత్కాలిక పర్మిటు, పన్ను ఎవరు కడతారు అని బయానా ఇచ్చేముందే అడగాలి. సొంత కారుకు ఈ గొడవ లేదు. పాతపట్నం దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి ఆటో ఎక్కడం అన్నిటికన్నా తేలిక.

డబ్బు దగ్గర స్నేహాలు తెగుతాయి. అందరికీ ఒకే చిన్న మొత్తం పెట్టండి, తలకు వెయ్యి రూపాయలు అనుకోండి. పైన ఇచ్చేవాళ్లు ఎంతైనా ఇవ్వవచ్చు గానీ ఎవరెంత ఇచ్చారో గ్రూపులో పెట్టకూడదు, వేదిక మీద చదవకూడదు. దాతల పేర్లు చదివిన చోట రెండోసారి సగం మంది రారు, కారణం ఎవరూ చెప్పరు కూడా. వెయ్యి కూడా ఇవ్వలేనివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు, ఆ సంగతి కోశాధికారికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఖాతా ఒకరి పేర వద్దు. ఇద్దరి పేర, ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు తీసుకునేలా తెరవండి. ఈ వయసులో అది అపశకునం కాదు, అవసరం.

ఆ రోజు ముందు బడిలో ఒక గంట, తరువాత హాలు. బడి వాడుకోవడానికి నెల ముందే రాతలో అనుమతి తీసుకోండి. పాత తరగతి గదిలో హాజరు పిలవడం కన్నా మంచి కార్యక్రమం లేదు. పోయినవాళ్ల పేర్లూ వరుసలోనే పిలిచి ఒక్క క్షణం ఆగండి, వేరే సంతాప సభ అక్కర్లేదు. గ్రూపు ఫొటో పదకొండు గంటలకే తీయండి, భోజనాలయ్యాక పావువంతు మంది బస్సు వేళంటూ లేచిపోతారు. ఫొటో అయిన వెంటనే వరుసల వారీగా పేర్లు రాయించండి.

పరిచయాలు లెక్కేసుకోండి: అరవై మంది మనిషికి మూడు నిమిషాలంటే మూడు గంటలు. ఒక్కొక్కరికి ఒక నిమిషం ఇచ్చి, బడి గంట ఒకటి తెచ్చి కొట్టండి. పిల్లలు ఏ దేశంలో ఉన్నారు, ఏం సంపాదిస్తున్నారు అనే ప్రశ్న వేదిక మీద రానీయకండి. ఛాతీ మీద పెట్టుకునే పేరు చీటీ మూడు మీటర్ల నుంచి చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో, ఆడవాళ్లకు పుట్టింటి పేరుతో రాయండి.

ఆడవాళ్లకు పసుపు కుంకుమలతో చీర పెట్టే ఆలోచన వస్తుంది, దయచేసి మానండి. భర్త పోయినవాళ్లు ఆ వరుసలో ఎక్కడ నిలబడాలో తెలియక వెనక్కి తగ్గుతారు. అందరికీ ఒకే వస్తువు, ఆడా మగా తేడా లేకుండా ఇవ్వండి. బరంపురం అప్పడాల కట్ట, ఆవకాయ సీసా చాలు, ఇంటికెళ్లాక పనికొస్తాయి.

మాస్టార్లు బతికుంటే చాలామంది ఎనభై దాటి ఉంటారు. వాళ్లను సభకు లాక్కురావద్దు. ముందురోజు సాయంత్రం నలుగురే వెళ్లి, ఇరవై నిమిషాలు కూర్చుని, శాలువా పళ్లు ఇచ్చి రండి. అనుమతి అడిగి ఒక చిన్న వీడియో తీసి మర్నాడు హాల్లో చూపించండి.

భోజనం పన్నెండున్నరకే పెట్టాలి, చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకున్నవాళ్లు రెండింటి దాకా ఆగలేరు. అరవై మందికి పులిహోర కోసం మూడు కిలోల బియ్యం, అన్నానికి అయిదున్నర కిలోలు సరిపోతాయి. వంటవాడు పెళ్లి లెక్కన పది చెబుతాడు, వినకండి. కందిపప్పు రెండున్నర కిలోలు, కూర ఒక్కోదానికి ఆరు కిలోల కూరగాయలు, ఎనిమిది లీటర్ల పాల పెరుగు, ఇరవై లీటర్ల మంచినీళ్ల క్యాన్లు ఎనిమిది. పప్పు బదులు డాల్మా (కూరగాయలు వేసి వండే ఒడియా పప్పు) చేయిస్తే ఇటువాళ్లకూ అటువాళ్లకూ నచ్చుతుంది, కారం తక్కువ. మాంసం ఆ రోజుకు వద్దు, కావాలన్నవాళ్లు ముందురోజు రాత్రి ఎలాగూ చూసుకుంటారు. టీలో సగం చక్కెర లేకుండా, వేరే ఫ్లాస్కులో. కుర్చీలన్నీ చేతులున్నవే కావాలి, చేతుల్లేని కుర్చీ నుంచి లేవలేనివాళ్లు సగం మంది ఉంటారు. హాలు చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట చూడాల్సింది వేదిక కాదు, మరుగుదొడ్డి: వెస్ట్రన్ కమోడు ఉందా, గడపకు మెట్టుందా, నేల జారుతుందా. బీపీ మిషను, గ్లూకోజు, ఓఆర్ఎస్ ఒక బల్ల మీద పెట్టి, దగ్గర ఆసుపత్రికి దారి తెలిసిన కుర్రాడినొకణ్ని కారుతో సహా ఉంచండి. ఎవరికైనా పెద్ద ఆసుపత్రి అవసరమైతే బరంపురం కన్నా శ్రీకాకుళమే దగ్గర.

అయిపోయిన పదిహేను రోజుల్లోపు ఖర్చుల కాగితం గ్రూపులో పెట్టి, మిగిలిన సొమ్ము ఎంతో చెప్పండి. చిరునామాల పుస్తకం వేయిద్దామని ఎవరో ఒకరు అంటారు. వేయించేముందు ఒక్కొక్కరినీ అడిగి, వద్దన్నవాళ్ల ఫోను, వీధి పేరు తీసేసి, ఊరు పేరు మాత్రం ఉంచండి.