బావ, బావమరిది, నాలుగో మ్యాచ్

బాస్కెట్‌బాల్‌పై పాఠకుల ప్రశ్నలకు, ఒకప్పుడు యూనివర్సిటీ జట్టులో ఆడి, తర్వాత కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. మా బావగారూ నేనూ ఓక్లహోమా సిటీ థండర్ అభిమానులం. 2025 ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) ఫైనల్స్‌లో ఇండియానా పేసర్స్‌తో జరిగిన నాలుగో మ్యాచ్ మీద మా ఇద్దరికీ ఇప్పటికీ పడటం లేదు. అలెక్స్ కరూసో బెంచ్ మీద నుంచి వచ్చి 20 పాయింట్లు, 5 స్టీల్స్ (అవతలివాళ్ళ నుంచి బంతి లాక్కోవడం) చేశాడు కాబట్టి అతన్ని మొదటి ఐదుగురిలో ఆడించకపోవడం అన్యాయమని బావగారు అంటారు. హార్టెన్‌స్టైన్‌ను తిరిగి మొదటి ఐదుగురిలోకి తెచ్చారు కాబట్టే గెలిచామని నేనంటాను. ఎవరిది రైటు?
— ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు

జవాబు: నేను టీవీలో మ్యాచ్ చూసేటప్పుడు మొదటి పది నిమిషాలు బంతిని పెద్దగా పట్టించుకోను. ఎవరు ఎవర్ని గార్డ్ చేస్తున్నారో చూస్తాను. స్కోర్‌షీటులో గార్డ్, ఫార్వర్డ్, సెంటర్ అని ఏం రాసినా, కోచ్ ఒక ఆటగాడికి నిజంగా ఏ పని అప్పగించాడో డిఫెన్స్‌లోనే తెలుస్తుంది. మీ తగవుకు జవాబు కూడా అక్కడే ఉంది.

ముందు జరిగింది గుర్తు చేసుకుందాం. ఆ ప్లేఆఫ్స్ (సీజన్ చివరి నాకౌట్ సిరీస్‌లు) పొడవునా థండర్ ఇద్దరు పొడుగువాళ్ళతో ఆట మొదలుపెట్టింది. చెట్ హోమ్‌గ్రెన్ 7 అడుగుల 1 అంగుళం, ఐజయా హార్టెన్‌స్టైన్ 7 అడుగులు. ఫైనల్స్ మొదలవగానే కోచ్ మార్క్ డేగ్నాల్ట్ హార్టెన్‌స్టైన్‌ను బెంచ్ మీదికి పంపి, కేసన్ వాలెస్‌ను దింపాడు. పేసర్స్ ఆగకుండా పరుగెత్తే జట్టు కాబట్టి ఇంకో చురుకైన గార్డ్ కావాలనుకున్నాడు. ఆలోచన తప్పేమీ కాదు. కానీ మూడో మ్యాచ్‌లో 116-107తో ఓడి, సిరీస్‌లో 2-1తో వెనకబడ్డారు. ఆ రోజు పేసర్స్ బెంచ్ 49 పాయింట్లు కొడితే థండర్ బెంచ్ 18 దగ్గరే ఆగింది. మాథురిన్ ఒక్కడే 27 కొట్టాడు. ఇక టి.జె. మెక్‌కానెల్! 6 అడుగుల 1 అంగుళం మనిషి. థండర్ వాళ్ళు లైను బయట నుంచి బంతి లోపలికి వేస్తుంటే మధ్యలో దూరి ఎత్తుకుపోయాడు. నిద్ర మొహంతో కాఫీ పట్టుకుని కూర్చున్నదాన్ని లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

నాలుగో మ్యాచ్‌కు డేగ్నాల్ట్ మళ్ళీ హార్టెన్‌స్టైన్‌ను మొదటి ఐదుగురిలో పెట్టి, వాలెస్‌ను బెంచ్‌కు మార్చాడు. ఇక్కడివరకూ మీ మాట నిజం. అయితే ఆ మార్పు వల్లే గెలిచామంటే నేను ఒప్పుకోను. మూడో క్వార్టర్ అయ్యేసరికి పేసర్స్ 87-80తో ముందే ఉన్నారు. ఆట చివర్లో 103-99 దగ్గర కూడా వాళ్ళే ముందున్నారు. అక్కణ్ణుంచి థండర్ 12 పాయింట్లు చేసి, అవతలివాళ్ళకు ఒక్కటే ఇచ్చింది. 111-104తో గెలిచింది. అంత ఒత్తిడిలో పేసర్స్‌ను ఒక్క పాయింటుకు కట్టేసిన ఆ చివరి నిమిషాల డిఫెన్స్‌కు నా ఓటు. అక్కడ కరూసో ఉన్నాడు. ఈ లెక్కన సగం మార్కులు బావగారికి కూడా ఇవ్వాలి.

అదే మ్యాచ్‌లో ఇంకో మార్పు మీ ఇద్దరి కళ్ళూ దాటిపోయినట్టుంది. షే గిల్జస్ అలెగ్జాండర్ 35 పాయింట్లు చేశాడు, అందులో 15 చివరి 5 నిమిషాల్లోపే. కానీ ఒక్క అసిస్ట్ (తోటివాడు బుట్టలో వేసేలా అందించే పాస్) కూడా లేదు. జట్టులో ప్రధాన గార్డుకు అసిస్ట్ లేకపోవడమా అని ఆశ్చర్యం వేస్తుంది. పేసర్స్ గార్డ్ ఆండ్రూ నెంబార్డ్ కోర్టు పొడవునా వెంటపడి అతన్ని అలసిపోయేలా చేస్తున్నాడు కాబట్టి, బంతిని ముందుకు తెచ్చి ఆట మొదలుపెట్టే పని జేలెన్ విలియమ్స్ చేతికి ఎక్కువగా వెళ్ళింది. షే బంతి లేకుండా నడిచి, ఊపిరి మిగుల్చుకుని, చివర్లో కొట్టాడు. ఆ సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) పాత్రే సిరీస్ మధ్యలో మారిపోయింది. మొదటి ఐదుగురి పేర్లు చూస్తే ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

ఇక కరూసో. అతను ఏం పని చేస్తాడో తెలియాలంటే ఫైనల్స్ కంటే ముందు, మే 18న డెన్వర్‌తో ఆడిన ఏడో మ్యాచ్ మళ్ళీ చూడండి. 6 అడుగుల 5 అంగుళాల గార్డును తీసుకెళ్ళి 6 అడుగుల 11 అంగుళాల డెన్వర్ సెంటర్ నికోలా యోకిచ్ మీద పెట్టారు. చూసేవాళ్ళకు పిచ్చి పని అనిపించింది. కరూసో అతని ముందుకు వచ్చి నిలబడతాడు, చేతులు అడ్డం పెడతాడు, బంతి అసలు అందకుండా చేస్తాడు. తల మీదుగా పాస్ వేస్తే వెనక హోమ్‌గ్రెనో హార్టెన్‌స్టైనో కాచుకుని ఉంటారు. యోకిచ్‌ను పట్టుకునే బరువు దిగడంతో ఆ పొడుగువాళ్ళు రింగు దగ్గర స్వేచ్ఛగా తిరిగారు. యోకిచ్ 20 పాయింట్ల దగ్గర ఆగాడు, థండర్ 125-93తో గెలిచింది. కాబట్టి కరూసోనా, హార్టెన్‌స్టైనా అని మీ ఇంట్లో నడుస్తున్న పోటీ కోర్టులో లేదు. ఒకడు ముందు నిలబడి యుద్ధం చేయగలిగింది వెనక రెండోవాడు ఉన్నాడన్న ధైర్యంతోనే.

మరి కరూసోను మొదటి నుంచీ ఎందుకు ఆడించరు? ఆ సీజన్‌లో అతను సగటున 20 నిమిషాల లోపే ఆడాడు. ప్రతి బంతికీ ఒంటిని అడ్డం వేసే మనిషి 40 నిమిషాలు అలా ఆడలేడు. ఆడినా ఫౌల్స్ మిగలవు. ఎన్‌బీఏలో ఆరు ఫౌల్స్ అయితే బయటికే. ఆట మొదలై, అవతలి జట్టులో ఎవడి చెయ్యి వేడెక్కిందో తెలిశాక, వాడి మీదికి వదలడానికి కరూసో లాంటివాణ్ణి దాచుకోవాలి. నేనే కోచ్‌నైతే మొదటి ఐదుగురిలో పెట్టను, చివరి ఐదుగురిలోంచి తియ్యను. ఈ మాట బావగారికి చదివి వినిపించండి.

ప్రశ్న: మా హాస్టల్లో మ్యాచ్ అయ్యాక ప్రతి వాదనా ప్లస్-మైనస్ అంకెతోనే ముగుస్తుంది. అంత నమ్మొచ్చా?
— వరంగల్ నుంచి ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ఒక్క మ్యాచ్‌కు నమ్మొద్దు. ఆ ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపూ మీ జట్టు కొట్టినవాటిలోంచి అవతలి జట్టు కొట్టినవి తీసేస్తే వచ్చేదే ప్లస్-మైనస్. పక్కన ఉన్న నలుగురూ ఎవరో, ఎదుట ఉన్న ఐదుగురూ ఎవరో ఆ అంకె చెప్పదు. అవతలి స్టార్ విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు దిగినవాడికి ప్లస్ పది తేలిగ్గా వస్తుంది. సీజన్ మొత్తానికి కలిపి, ఏ ఇద్దరు కలిసి ఆడితే బాగుందో చూడటానికైతే పనికొస్తుంది.

ప్రశ్న: 2015 ఫైనల్స్‌లో ఓడిన కావలియర్స్ తరఫున లెబ్రాన్ జేమ్స్ సగటున 35.8 పాయింట్లు, 13.3 రీబౌండ్లు, 8.8 అసిస్టులు చేశాడు. ఎంవీపీ మాత్రం 16.3 పాయింట్లు చేసిన వారియర్స్ ఆటగాడు ఆండ్రే ఇగ్వాడాలాకు ఇచ్చారు. పదేళ్ళయినా నాకు మింగుడు పడటం లేదు. పాత్ర బాగా పోషించాడంటారు. సహాయ పాత్రకు హీరో అవార్డు ఇస్తారా మేడమ్?
— హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ బాధ నాకు అర్థమవుతుంది. ఓటు నా చేతిలో ఉంటే లెబ్రాన్‌కే వేసేదాన్ని. ఓడిన జట్టు ఆటగాడికి ఫైనల్స్ ఎంవీపీ ఇవ్వడం కొత్త కూడా కాదు. 1969లో జెర్రీ వెస్ట్‌కు ఇచ్చారు, అప్పటి నుంచి మళ్ళీ ఇవ్వలేదు. 2015లో పదకొండు ఓట్లలో ఏడు ఇగ్వాడాలాకు, నాలుగు లెబ్రాన్‌కు పడ్డాయి. వారియర్స్ స్టార్ స్టెఫ్ కరీకి ఒక్కటీ రాలేదు.

కానీ ఇగ్వాడాలాది సహాయ పాత్ర అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోండి. అతను ఆ సీజన్ ముందు వరకూ తన కెరీర్‌లో ఆడిన 758 రెగ్యులర్ సీజన్ మ్యాచ్‌ల్లోనూ స్టార్టరే. ఆల్‌స్టార్ కూడా. కొత్త కోచ్ స్టీవ్ కెర్ వచ్చి, కుర్రాడు హారిసన్ బార్న్స్‌ను మొదట దింపుతాను, నువ్వు బెంచ్ మీద నుంచి రావాలని అడిగితే ఒప్పుకున్నాడు. ఆ రెగ్యులర్ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయలేదు. ఫైనల్స్‌లో వారియర్స్ 2-1తో వెనకబడ్డాక, కెర్‌కు సహాయకుడిగా ఉన్న 28 ఏళ్ళ నిక్ యురెన్ ఒక సంగతి పట్టుకున్నాడు. అంతకు ముందు ఏడాది ఫైనల్స్‌లో శాన్ ఆంటోనియో స్పర్స్ సెంటర్ స్ప్లిటర్‌ను పక్కనపెట్టి బోరిస్ డియావ్‌ను దింపింది. మనం కూడా మన సెంటర్ బోగట్‌ను కూర్చోబెట్టి ఇగ్వాడాలాను దింపుదాం అన్నాడు. కెర్ విన్నాడు. మ్యాచ్ ముందు విలేకరులు అడిగితే మార్పేమీ లేదన్నాడు, తర్వాత అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు.

ఇక్కడ కూడా నేను చూసేది ఎవరు ఎవర్ని పట్టుకున్నారనే. ఇగ్వాడాలా లెబ్రాన్‌ను పట్టుకున్నాడు. సెంటర్ లేడు కాబట్టి 7 అడుగుల 1 అంగుళం ఉన్న కావలియర్స్ సెంటర్ మోజ్గోవ్‌ను డ్రేమండ్ గ్రీన్ పట్టుకున్నాడు, తనకంటే ఆరంగుళాల ఎత్తువాణ్ణి. మోజ్గోవ్ 28 కొట్టాడు. కొడితే కొట్టనిమ్మన్నారు, ఎందుకంటే రెండో వైపు వారియర్స్ వేగం ముందు అతను నిలవలేకపోయాడు. 103-82తో గెలిచారు. ఐదో మ్యాచ్‌లో కావలియర్స్ కోచ్ బ్లాట్ అదే మోజ్గోవ్‌ను తొమ్మిది నిమిషాలే ఆడించాడు. ముందు మ్యాచ్‌లో 28 చేసిన మనిషిని కూర్చోబెట్టారంటే, తమకు అనువైన ఆటను వారియర్స్ ఎదుటివాళ్ళ మీద రుద్దారనే అర్థం. లెబ్రాన్ అన్ని పాయింట్లు చేసినా, సిరీస్ మొత్తం మీద షాట్లలో పడినవి 40 శాతం లోపే. ప్రతి పాయింటుకూ ఇగ్వాడాలా అతని చేత చెమటలు కక్కించాడు. ఆరో మ్యాచ్‌లో పైగా 25 పాయింట్లు కొట్టాడు. నేను లెబ్రాన్‌కు ఓటేస్తాను, అయినా ఇగ్వాడాలాకు వేసిన ఏడుగురితో నాకు తగాదా లేదు.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. స్కూలు జట్టులో ఉంది. ప్రాక్టీసుకు అందరికంటే ముందు వెళుతుంది. మ్యాచ్‌లో మాత్రం సారు మొదట దింపరు, రెండో క్వార్టర్లో పంపుతారు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటోంది. వాళ్ళ నాన్నగారు వెళ్ళి సారుతో మాట్లాడతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది.
— భీమవరం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు పాపకు అన్నం పెట్టి, మాను జినోబిలి ఆట వీడియోలు చూపించండి. అర్జెంటీనా మనిషి. శాన్ ఆంటోనియోలో ఏళ్ళ తరబడి బెంచ్ మీద నుంచే వచ్చాడు. 2008లో ఉత్తమ ఆరో ఆటగాడి అవార్డు తీసుకున్నాడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. ఈ పద్ధతికి బోస్టన్ కోచ్ రెడ్ ఆవర్‌బాక్ 1950ల్లోనే దారి వేశాడు. అవతలి జట్టు మొదటి ఐదుగురూ అలసిపోయే సమయానికి తన మంచి ఆటగాళ్ళలో ఒకడైన ఫ్రాంక్ రామ్సేను తాజాగా దింపేవాడు. తర్వాత ఆ పని జాన్ హావ్లిచెక్ చేశాడు.

నేను ఆడిన రోజుల్లో మనకు క్వార్టర్లు లేవు, 20 నిమిషాల చొప్పున రెండు హాఫులు ఉండేవి. నేను పొట్టిదాన్ని. మా కోచ్ నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ ఏడో నంబరు ఎటు డ్రిబుల్ చేస్తోంది, ఏ చేతికి బంతి వస్తే తడబడుతోంది అని అడుగుతూ ఉండేవారు. నేను దిగేసరికి ఆ అమ్మాయి సంగతంతా నాకు తెలిసిపోయేది. ఎడమ వైపు తోసేదాన్ని, అటు ఆమెకు రాదు. మొదట దిగినవాళ్ళకు ఆ అవకాశం ఉండదు. బెంచ్ మీద కూర్చున్న కాలం నాకు ఆటను నేర్పింది, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

స్కూలు ఆటల్లో ఇంకో లెక్క ఉంది. మన దగ్గర ఐదు ఫౌల్స్ అయితే ఆటగత్తె బయటికి వెళ్ళాలి, క్వార్టర్ పది నిమిషాలే. పిల్లలు మొదటి క్వార్టర్లో హడావిడిగా మీద పడి రెండేసి ఫౌల్స్ చేసుకుంటారు. అందుకని తెలిసిన కోచ్ తన నమ్మకమైన డిఫెండర్‌ను కాస్త ఆగి దింపుతాడు. మీ సారు ఉద్దేశం అదేనా, లేక పాపలో ఏదైనా లోపం చూశారా అన్నది ఆయన్నే అడగాలి. నాన్నగారు కాదు, పాప అడగాలి. ఎందుకు ఆడించడం లేదని అడిగితే సారుకు కోపం రావచ్చు. "సార్, వచ్చే మ్యాచ్‌లో నేను ఎవరిని గార్డ్ చేయాలి?" అని అడగమనండి. సారు వెంటనే ఒక నంబరు చెబితే పాపకు జట్టులో పని ఉందన్నమాట. ఆ అమ్మాయి ఆట ముందుగా చూసుకోమనండి. సారు ఆలోచనలో పడితే, ప్రాక్టీసులో జట్టులోకెల్లా బాగా ఆడే అమ్మాయిని తనకు జతగా వేయమని అడగాలి. రోజూ ఆమెనే గార్డ్ చేయాలి. తొమ్మిదో తరగతే కాబట్టి ఇంకా రెండు సీజన్లు ఉన్నాయి. తర్వాత ఏమైందో నాకు మళ్ళీ రాయండి.