తోటలు తొక్కేసే ఏనుగుల్ని అసలెందుకు కాపాడాలి?

పలమనేరు, కుప్పం పక్క టమాటా, చెరకు వేసి ఒక్క రాత్రిలో పోగొట్టుకున్న రైతు ఈ మాట అడిగితే న్యాయమే. అలాంటాయనకు "వినాయకుడి రూపం కదండీ" అని జవాబివ్వడమే అన్యాయం. దండం పెట్టుకుంటే పంట తిరిగి రాదు.

జవాబు అడవిలో పడిన పేడలో ఉంది. పెద్ద ఏనుగు రోజుకు సుమారు 150 కిలోల మేత మేస్తుంది. అందులో సగం కూడా అరగదు. కరి మింగిన వెలగపండు అని సామెత వాడేస్తాం గానీ, ఆ పండులోని గింజల సంగతి ఎవరికీ పట్టదు. అవి నాలుగైదు కిలోమీటర్ల అవతల తడి పేడలో పడి మొలకెత్తుతాయి. అంత గట్టి కాయను మింగి అంత దూరం మోయడం మేకల వల్ల అయ్యే పనా? ఎండాకాలంలో ఎండిన వంకలో ఇసుక తవ్వి చెలమ చేసేదీ ఏనుగే. అది తాగి పోయాక మిగతా జంతువులు అక్కడికి చేరతాయి. ఏనుగు లేక ఆ అడవి పలచబడితే కింద చెరువులోకి నీళ్లకు బదులు మన్ను దిగుతుంది. చెరువు పోతే బోరూ పోతుంది. నన్నడిగితే ఏనుగు లెక్కను రైతు పాస్‌బుక్కులోనే రాయాలి.

మరి పంట సంగతి? 1980ల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి గుంపులు ఇటు దిగాయి. 1990లో ఇక్కడే కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. అటూ ఇటూ ఊళ్లూ తోటలే కాబట్టి మధ్యలో కంచె తప్పదు. నా అసలు గొడవ ఆ కంచెతోనే.

"సోలార్ కంచె వేశారు, ఏనుగు ఆగలేదు" అని అందరూ అంటారు. ఎందుకు ఆగుతుంది? దంతంలో కరెంటు పారదు. కొమ్ముల ఏనుగు దంతాన్ని తీగ కింద దూర్చి పైకి లేపి తెంపుతుంది. కొమ్ముల్లేనిది ఎండు దుంగ తొండంతో ఈడ్చుకొచ్చి తీగల మీద పడేస్తుంది, లేదా తీగకు తగలకుండా స్తంభాన్ని అరికాలితో నెడుతుంది. ఒకసారి దారి దొరికిందా, మళ్లీ అక్కడికే వస్తుంది.

అయితే చాలా కంచెల్లో దానికి అంత తెలివి కూడా అక్కర్లేదు, తీగలో కరెంటే ఉండదు. ఎనర్జైజర్, అంటే తీగలోకి కరెంటు దెబ్బలు పంపే పెట్టె, సెకనుకు ఒక్క దెబ్బ చొప్పున ఆరు నుంచి తొమ్మిది వేల వోల్టులు కొట్టాలి. కింది తీగకు గడ్డి, పులికంప తగిలితే ఆ శక్తంతా నేలలోకి దిగిపోతుంది. వానలు పడిన పదిహేను రోజులకే కంప లేస్తుంది, కోసేవాళ్లుండరు. కంచెకు రెండు పక్కలా మీటరు మేర శుభ్రంగా ఉంచాలి. రెండోది ఎర్తింగ్. ఎండాకాలం నేల బిగుసుకుంటే ఒక్క రాడ్డు చాలదు. ఆరడుగులవి కనీసం మూడు, పదేసి అడుగుల దూరంలో దించి నీళ్లు పోస్తుండాలి. నేల మరీ పొడిగా ఉంటే ఒక తీగ కరెంటుకు, ఒక తీగ ఎర్తుకు మార్చి మార్చి కట్టాలి. ఇక బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూడని కంచె వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. పశువులు తోలుకుపోవడానికి పగలు తీగ విప్పి సాయంత్రం మరిచిపోయేవాళ్లు సరేసరి! రోజూ పొద్దుగూకే ముందు కంచె వోల్టులు కొలిచే టెస్టర్‌తో కంచె చివర కొలవండి. ఐదు వేలకు దిగితే ఆ రాత్రి కంచె లేనట్టే అనుకోండి.

కందకాలూ అంతే. పైన మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్లకు పైగా లోతు తవ్వుతారు. వంక అడ్డొచ్చిన చోట మాత్రం తవ్వలేరు, ఏనుగు సరిగ్గా అక్కడే దిగుతుంది. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదిచ్చిన ఏనుగులు కూడా వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. మంచిదే. కానీ కుంకీ తరిమిన ఏనుగు, కంచెకు కంత ఉంటే నాలుగో రోజుకు తిరిగొస్తుంది. తరిమేటప్పుడు టపాసులు పట్టుకుని నాలుగు పక్కలా చుట్టుముట్టే కుర్రాళ్లను ఏమనాలో! అడవి వైపు దారి వదలకపోతే అది మనుషుల మీదికే తిరుగుతుంది.

ఇక ఇంటి కరెంటును నేరుగా తీగకు తగిలించేవాళ్లు. సోలార్ దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, నొప్పి పుట్టించి వదిలేస్తుంది. 230 వోల్టులు వదలవు, కండరాలు బిగిసి ప్రాణం పోతుంది. 2023 మేలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో కరెంటు తగిలి ఒకే చోట నాలుగు ఏనుగులు చచ్చిపోయాయి. కరెంటుకు ఏనుగో మనిషో తేడా తెలియదు. తెల్లవారుజామున మోటారు వేయడానికి గట్టు మీద నడిచొచ్చే పక్క పొలం రైతుకు చీకట్లో ఆ తీగ కనిపించదు.