పెళ్లికి డేట్ వాయిదా సంగతి తర్వాత, ముందు స్కాన్ చేయించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 43. మాది గుంటూరు, బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి గుంటూరులో. సరిగ్గా అప్పుడే నాకు డేట్. ఇంతకు ముందు తిరుమల వెళ్లినప్పుడు, వరలక్ష్మీ వ్రతానికి డేట్ వాయిదా వేసే నోరెథిస్టెరాన్ మాత్రలు వేసుకున్నాను, ఏ ఇబ్బందీ రాలేదు. ఏడెనిమిది నెలలుగా పీరియడ్స్ పది పన్నెండు రోజులు ఉంటున్నాయి, గడ్డలు కూడా పడుతున్నాయి. మెడికల్ షాపులో అడిగితే అవే మాత్రలు ఇచ్చారు, వేసుకుంటే ఆగిపోతోంది. ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. షుగర్‌కు మందులు వాడుతున్నాను, బరువు 81 కిలోలు. మా అమ్మకు ఒకసారి కాలిలో రక్తం గడ్డకట్టింది. పెళ్లికి ఎన్ని రోజుల ముందు నుంచి, రోజుకు ఎన్ని మాత్రలు వేసుకోవాలి? మా అమ్మాయికి (17) కూడా పరీక్షలప్పుడు ఇవే ఇచ్చాను, పర్వాలేదు కదా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: అమ్మా, మీరు అడిగింది పెళ్లి గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మధ్యలో మామూలుగా రాసేసిన రెండు మాటలు. పది పన్నెండు రోజుల రక్తస్రావం ఒకటి, మెట్లెక్కితే ఆయాసం రెండోది. మిమ్మల్ని చూడకుండా, రిపోర్టులు లేకుండా రాస్తున్నాను కాబట్టి దీన్ని ప్రిస్క్రిప్షన్‌గా తీసుకోకండి. కానీ ఒక్క మాట గట్టిగానే చెబుతాను. రక్తస్రావానికి కారణం తేలేదాకా సొంతంగా ఇంకో స్ట్రిప్ మొదలుపెట్టొద్దు. ఒకవేళ ఇప్పుడే మాత్రల మధ్యలో ఉంటే, మానేయాలా కొనసాగించాలా అన్నది ఈ ఒకటి రెండు రోజుల్లోనే గైనకాలజిస్టును అడగండి. ఉన్నట్టుండి ఆపితే ఒక్కసారిగా ఎక్కువగా పోవచ్చు.

"నలభై దాటాక అందరికీ ఇంతే" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పి ఉంటారు. కొందరి విషయంలో అది నిజమే. ఈ వయసులో కొన్ని నెలలు అండం విడుదల కాదు. అండం విడుదల కాని నెలలో ఒంట్లో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ తయారు కాదు. ఈస్ట్రోజన్ అనే మరో హార్మోన్ ఒక్కటే పనిచేస్తూ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతూ పోతుంది. ఆ పొర చివరికి విడివిడిగా ఊడుతూ రోజుల తరబడి రక్తం పోతుంది. మీరు వేసుకునే నోరెథిస్టెరాన్ ప్రొజెస్టరాన్ లాంటి హార్మోనే, అది మాత్ర రూపంలో అందితే పొర నిలబడుతుంది, రక్తం ఆగుతుంది. మీకు ఆగుతున్నది అందుకే కావచ్చు.

అయితే గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కండరపు గడ్డ ఉన్నా, లోపలి పొరలో పాలిప్ అనే చిన్న పెరుగుదల ఉన్నా, గర్భసంచి కండరంలోకి లోపలి పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ ఉన్నా, లోపలి పొర అసాధారణంగా మారుతున్నా ఈ మాత్రలతో కొన్నాళ్లు రక్తం తగ్గవచ్చు. పొరలో క్యాన్సర్ మొదలైన వాళ్లలో కూడా కొందరికి తగ్గవచ్చు. రక్తం ఆగిందంటే మాత్ర పనిచేసిందని అర్థం, అంతే. లోపల ఏముందో అది చెప్పదు. పైగా మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు మళ్లీ బ్లీడింగ్ రావడం సహజం. ఆ పొర ఊడాలి కాబట్టి వస్తుంది. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని భయపడి మళ్లీ షాపుకెళ్లి అవే తెచ్చుకుంటారు. ఇలా నెలలు గడిచిపోతాయి. చివరికి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికి ఏది నిజమైన పీరియడ్, ఏది మాత్ర ఆపితే వచ్చిన బ్లీడింగ్ అన్నది మాకూ తేల్చడం కష్టమవుతుంది. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఈ ఆలస్యమే. లోపలి పొర క్యాన్సర్ తొలిదశలో దొరికితే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. ఆ తొలిదశలో ఒళ్లు చూపించే గుర్తు ఈ రక్తస్రావమే, దాన్నే మనం మాత్రతో ఆపేస్తున్నాం.

మీకు క్యాన్సర్ ఉందని చెప్పడం లేదు, దయచేసి అలా చదువుకోకండి. చాలామందిలో ఇంతకన్నా చిన్న కారణాలే బయటపడతాయి. కానీ అధిక బరువు, షుగర్ రెండూ లోపలి పొర మందం కావడానికి దోహదం చేసేవే. కొవ్వు కణాల్లో కూడా ఈస్ట్రోజన్ తయారవుతుంది. అందుకే మీ విషయంలో "చూద్దాంలే" అనడానికి నాకు ధైర్యం చాలదు.

ఈ వారమే చేయించాల్సినవి చెబుతాను. ముందు ప్రెగ్నెన్సీ పరీక్ష. 43 ఏళ్లకు ఇదేమిటి అనుకోవద్దు, ఎక్కువ బ్లీడింగ్ అని వచ్చిన వాళ్లలో అబార్షన్ అవుతున్న కేసులు, ట్యూబులో నిలిచిన గర్భాలు కూడా ఉంటాయి. తర్వాత రక్తంలో హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ ఎంత అదుపులో ఉందో చెప్పే హెచ్‌బీఏ1సీ, యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కాన్. మీకున్న రిస్కులు చూస్తే లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపమని డాక్టర్ చెప్పవచ్చు. ఓపీలోనే కొద్ది నిమిషాల్లో సన్నటి గొట్టంతో తీస్తారు, కడుపులో కాసేపు మెలిపెట్టినట్టు నొప్పి ఉంటుంది. ఈ మాత్రలు వాడుతుంటే మైక్రోస్కోపులో ఆ పొర వేరేలా కనిపిస్తుంది. కాబట్టి ఏ మాత్ర, ఎప్పుడు, ఎన్ని వేసుకున్నారో కాగితం మీద రాసుకుని, ఖాళీ స్ట్రిప్పులతో సహా తీసుకెళ్లండి. ప్రైవేటులో ఖర్చు భారమైతే బెంగళూరులో ప్రభుత్వ వాణీ విలాస్ ఆస్పత్రి మహిళలు, పిల్లల కోసమే ఉంది.

మీ ఆయాసానికి రక్తహీనత కారణమై ఉండవచ్చు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే ఆడవాళ్లలో రక్తహీనత అంటాం. మరీ తక్కువగా ఉంటే ఐరన్ మాత్రలతో సరిపోదు, సెలైన్‌లో ఐరన్ ఎక్కించాల్సి రావచ్చు. ఐరన్ మాత్ర రాస్తే టీ, కాఫీలతో కలిపి వేసుకోకండి. ఆయాసం హఠాత్తుగా పెరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా రక్తహీనతేలే అనుకుని ఇంట్లో కూర్చోవద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఎందుకంటే మీ అమ్మగారి సంగతి. నోరెథిస్టెరాన్ ఒంట్లోకి వెళ్లాక కొద్ది భాగం ఈస్ట్రోజన్‌గా మారుతుంది. డేట్ వాయిదాకు వాడే డోసులో అది గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఈస్ట్రోజన్ స్థాయికి దగ్గరగా చేరవచ్చు. దాంతో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే రిస్కు కొంత పెరుగుతుంది. అమ్మకు గడ్డకట్టిన చరిత్ర, 81 కిలోల బరువు, దానికి తోడు మారతహళ్లి నుంచి గుంటూరుకు రాత్రంతా బస్సులో కదలకుండా ప్రయాణం. ఇంతకు ముందు తిరుమలకు ఏమీ కాలేదంటే ఇప్పుడూ కాదన్న హామీ లేదు.

ఇక మీరు అడిగిన డోసు. సాధారణంగా డేట్‌కు మూడు రోజుల ముందు మొదలుపెట్టి 5 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు రాస్తాం. ఆపాక రెండు మూడు రోజులకు పీరియడ్స్ వస్తాయి. ఇది కారణం తెలియని బ్లీడింగ్ లేనివాళ్లకు, రక్తం గడ్డకట్టే రిస్కు లేనివాళ్లకు, లివర్ జబ్బు గానీ రొమ్ము క్యాన్సర్ చరిత్ర గానీ లేనివాళ్లకు, అదీ డాక్టర్ చూశాకే. ప్రస్తుతానికి మీరు ఆ జాబితాలో లేరు. ఇలా వాడినన్నాళ్లూ గర్భం రాదని కూడా అనుకోకూడదు, ఇవి అందుకు ఇచ్చేవి కావు. ఫిట్స్‌కు, టీబీకి వాడే కొన్ని మందులతో వీటి ప్రభావం తగ్గిపోతుంది. అయినా ఏడెనిమిది నెలలుగా మీ లెక్కే తప్పుతోంది, ఇక వచ్చే నెల డేట్ ఫలానా రోజే అని ఎలా నమ్మగలం? పెళ్లికి ఇంకా సమయం ఉంది. రిపోర్టులు చూశాక మీకు సరిపడే మార్గం ఉంటే మీ డాక్టరే చెబుతారు. ఇదే కోవకు చెందిన మరో మాత్ర మెడ్రాక్సీప్రొజెస్టరాన్‌కు ఇలా ఈస్ట్రోజన్‌గా మారే గుణం లేదు, అయినా అది మీకు తగునా అన్నది పరీక్షించిన వాళ్లే తేల్చాలి. రెండూ ఒకటే అనుకుని షాపులో మార్చి తీసుకోకండి. స్ట్రిప్ మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉన్న మందు చీటీ లేకుండా అమ్మకూడదు, అడగకూడదు.

డాక్టర్ దగ్గరికి వెళితే గర్భసంచి తీసేయమంటారని చాలామంది వాయిదా వేస్తారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న మహిళల శాతం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో దేశ సగటు కన్నా చాలా ఎక్కువ. ఎవరైనా తొలి విజిట్‌లోనే ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం తీసుకోండి. బయాప్సీలో ప్రమాదం లేదని తేలితే గర్భసంచిలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ హార్మోన్ లూప్ చాలామందికి బ్లీడింగ్‌ను బాగా తగ్గిస్తుంది. మామూలు పొర మందానికి ఇవే ప్రొజెస్టరాన్ మాత్రలు నెలల తరబడి రాస్తాం కూడా, కానీ మధ్యలో మళ్లీ బయాప్సీ చేసి చూసుకుంటూ.

చివరిగా మీ అమ్మాయి. పర్వాలేదు అని నేను చెప్పలేను. అమ్మమ్మకు రక్తం గడ్డకట్టింది కాబట్టి ఆ పిల్ల విషయంలోనూ అదే జాగ్రత్త కావాలి. ఇప్పటికి జరిగిందానికి కంగారు పడొద్దు, ఇకపై మాత్రం మీ చేత్తో ఇవ్వొద్దు. తనకు పీరియడ్స్ మూడు నెలలకు పైగా రాకపోయినా, వారానికి మించి ఉన్నా, నొప్పితో కాలేజీ మానేయాల్సి వస్తున్నా ఒకసారి చూపించాలి. మీరు స్కాన్‌కు వెళ్లే రోజే తననూ వెంట తీసుకెళ్లండి, అమ్మమ్మ సంగతి ఆ డాక్టర్‌కు ముందే చెప్పండి.