మనవరాలికి పరావలయం గురించి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

వై = ఎ·ఎక్స్² + బి·ఎక్స్ + సి రూపంలో ఉండే వర్గ ప్రమేయాల గ్రాఫులు, అంటే పరావలయాలు, ఎన్ని గీసినా లెక్క మారేసరికి మళ్లీ మొదటికే వస్తోందని రాశావు. అందులో నీ తప్పు కంటే, పట్టికతోనే మొదలుపెట్టమని నేర్పిన మాబోటి ఉపాధ్యాయుల తప్పే ఎక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వై = ఎక్స్² − 6ఎక్స్ + 5 అని బోర్డు మీద రాసి, ఎక్స్‌కు −3 నుంచి 3 వరకు విలువలిచ్చి గ్రాఫు గీయమన్నాను. పిల్లలు 32, 21, 12, 5, 0, −3, −4 అని తప్పులేకుండా లెక్కకట్టి, 32 పట్టేలా స్కేలు కుదించుకుని, జారుడుబల్లలా ఒక గీత కిందికి దించి అక్కడితో ఆపేశారు. అందరి పుస్తకాల్లోనూ పరావలయం ఎడమ సగమే ఉంది. గ్రాఫు మలుపు తిరిగే బిందువు, అంటే శీర్షం, ఎక్కడుందో చూసుకోకుండా, అలవాటుకొద్దీ సున్నాకు అటూ ఇటూ విలువలు ఇప్పించింది నేనే కదా!

కాబట్టి ముందు శీర్షం చూడు. −బి/2ఎ సూత్రంతో వెంటనే 3 వస్తుంది గానీ, అదే సమాసాన్ని (ఎక్స్ − 3)² − 4 అని రాసుకోవడం నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అది కారణం కూడా చెబుతుంది. వర్గం ఎన్నడూ సున్నా కంటే తగ్గదు. అందువల్ల వై కనిష్ఠ విలువ −4, అది ఎక్స్ 3 అయినప్పుడే వస్తుంది. బ్రాకెట్‌లో మైనస్ ఉంటే గ్రాఫు కుడికి ఎందుకు జరిగిందని చాలామంది తికమకపడతారు. బ్రాకెట్ ఎప్పుడు సున్నా అవుతుందో అడుగు, చాలు.

శీర్షం నుంచి కుడికి ఒక గడి జరిగితే గ్రాఫు 1 లేస్తుంది, ఆ తర్వాతి గడికి 3, ఆపై గడికి 5. బేసి సంఖ్యలే వరుసగా వస్తాయి. అలా (4, −3), (5, 0), (6, 5) దొరుకుతాయి. ఎక్స్ = 3 అనే సౌష్ఠవాక్షం మీద కాగితం మడిస్తే ఎడమవైపు (2, −3), (1, 0), (0, 5) పడతాయి. శూన్యాలు, అంటే వై సున్నా అయ్యే ఎక్స్ విలువలు, 1, 5 అని వేరే శ్రమ లేకుండానే తెలిసిపోయింది. ఎక్స్² గుణకం 2 అయితే లేచేది 2, 6, 10 గడులు, గ్రాఫు సన్నబడుతుంది; గుణకం రుణాత్మకమైతే తలకిందులై శీర్షమే గరిష్ఠమవుతుంది. శీర్షాన్ని మాత్రం మొనదేలేలా గీయకు. అక్కడ అర గడి జరిగితే లేచేది పావు గడే, కనుక వంపు మెత్తగా ఉండాలి.

విచక్షణిని, అంటే బి² − 4ఎసిని, విడిగా బట్టీ పట్టనక్కరలేదు. చివరి 5 బదులు 9, ఆపై 12 పెట్టి చూడు. అదే పరావలయం పైకి జరిగి, శీర్షం ఎత్తు −4 నుంచి 0కు, 3కు చేరుతుంది. విచక్షణి 16, 0, −12 అవుతుంది, ఎక్స్ అక్షాన్ని తాకే బిందువులు రెండు, ఒకటి, ఏవీ లేకపోవడం. విచక్షణిని −4ఎతో భాగిస్తే వచ్చేది శీర్షం ఎత్తే.

మొన్న మీ నాయనమ్మ ఆకుకూరల మడికి ప్రహరీ గోడను ఒక పక్కగా వాడుకుని, మిగతా మూడు పక్కలా 40 మీటర్ల వల కట్టించాలనుకుంది. గోడకు లంబంగా వచ్చే రెండు పక్కలూ ఒక్కొక్కటి ఎక్స్ అయితే వైశాల్యం ఎక్స్(40 − 2ఎక్స్). దీని శూన్యాలు 0, 20. శీర్షం వాటి నడుమ 10 దగ్గర, వైశాల్యం 200 చదరపు మీటర్లు. మేస్త్రీ ఒక మీటరు అటూ ఇటూ చేసి 9 పెట్టినా, 11 పెట్టినా 198 వస్తుందని చెబితే ఆవిడ ఊరట చెందింది.

వై = −2ఎక్స్² + 8ఎక్స్ − 5 గ్రాఫును పట్టిక వేయకుండా, శీర్షంతో మొదలుపెట్టి గీసి పంపు.

ఇట్లు,
మీ తాతయ్య