విన్నపమా, అభ్యర్థనా?

సందేహం: గురువుగారూ, మా అబ్బాయి వెబ్ పేజీలు రాస్తాడు. పేజీలో మీట నొక్కగానే జావాస్క్రిప్ట్ సర్వర్‌లోని కోడ్‌కు పంపేదాన్ని 'రిక్వెస్ట్' అంటాడు. తెలుగులో 'అభ్యర్థన పంపబడింది' అని తెర మీద పెట్టాడు. 'విన్నపం' అనరా అంటే నవ్వాడు. ఏది సరి?
– ఒక పాఠకుడు, బరంపురం

సమాధానం: నవ్వితే నవ్వనీండి. విన్నపం 'విను' నుంచి పుట్టిందనుకునేవాళ్లు చాలామంది. కాదు. అది విజ్ఞాపనానికి వికృతి. యజ్ఞం జన్నమైంది, ఆజ్ఞ ఆన అయింది, ఇదీ ఆ దారినే వచ్చింది. 'జ్ఞా' అంటే తెలియడం, విజ్ఞాపన అంటే తెలియజేయడం. బతిమాలుకోవడం ఆ తర్వాత వచ్చి చేరిన అర్థం. బ్రౌజరు చేసేదీ ఇంతే: ఫలానా చోటిది కావాలి, ఇవిగో నా వివరాలు అని ఎరుకపరుస్తుంది. ఇచ్చేదీ మానేదీ సర్వరు చేతిలో పని. దాని జవాబుకో అంకె గుర్తు ఉంటుంది: ఇస్తే 200, కూడదంటే 403, అలాంటిదేదీ లేదంటే 404.

అన్నమయ్య 'విన్నపాలు వినవలె వింతవింతలు, పన్నగపు దోమతెర పైకెత్తవేలయ్యా' అన్నాడు. పుట్టుకలో సంబంధం లేని 'విన్న', 'విన' పక్కపక్కన కూర్చుని కవలల్లా మోగుతాయి, చూడండి! ఇక ఆ దోమతెర. స్వామి లోపల, విన్నవించేవాడు బయట. మీవాడి పనిలోనూ పేజీ తెరకు ఇవతల, కోడ్ అవతల. వెనకటి పద్ధతిలో మీట నొక్కితే పేజీ మొత్తం మళ్లీ దిగేది. ఇప్పుడు 'ఫెచ్' అనే పిలుపుతో పేజీ కదలదు, కావలసిన ముక్క ఒక్కటే మారుతుంది. టిఫిన్ హోటల్లో మనం బల్ల దగ్గరే ఉంటాం, మన మాట వంటింట్లోకి పోతుంది, చట్నీ గిన్నె ఒక్కటే వచ్చి చేరుతుంది. అక్కడ మాట మోసుకెళ్లేవాణ్ణి మనం ఎప్పటినుంచో సర్వర్ అనే పిలుస్తున్నాం. కంప్యూటరు సర్వరేమో వంటింట్లోనే ఉంటుంది.

అభ్యర్థన తప్పు కాదు, ఓట్లడిగే అభ్యర్థికి చుట్టం. అర్జీ కచేరీ మాట. 'విజ్ఞాపన' జోలికి మాత్రం పోకండి. మీ ఊళ్లో ఒడియాలో 'బిజ్ఞాపన' అంటే వ్యాపార ప్రకటన. ఒడియా బడిలో చదివిన పిల్లవాడు దాన్ని సబ్బుల ప్రకటన అనుకుంటాడు.

నాకు ఒళ్లు మండేది 'పంపబడింది' దగ్గర. ఎవరు పంపారో దాచిపెట్టే అవసరం ఏమొచ్చింది? మీ పక్కనున్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు వాడుక భాష కోసం అంత పోరాడింది మనం ఇలా రాయడానికా? 'పంపాం' అంటే చాలు. 'అందింది' అనేది సర్వరు జవాబు వచ్చాకే రాయాలి. మీట నొక్కగానే అలా రాస్తే అది వ్యాకరణ దోషం కాదు, అబద్ధం.

అయితే అన్నిచోట్లా విన్నపమే పెట్టమని పట్టుబట్టను. రిక్వెస్టుల్లో కబురు తెమ్మని అడిగే 'గెట్' రకానికి అది బాగా నప్పుతుంది. ఫీజు వివరాలు అప్పజెప్పే 'పోస్ట్'కు కొంత నప్పుతుంది. చెరిపెయ్యమని పంపే 'డిలీట్'ను విన్నపం అనడానికి నాకే నోరు రావడం లేదు. అక్కడ మీవాడి రిక్వెస్టునే ఉండనీండి.