లాభాల మీద వ్యాసం రాసే ముందు చూడాల్సిన వరుసలు

అమ్మలూ,

ఆశీస్సులు. పెద్ద కంపెనీలు జనాన్ని పిండుకుంటున్నాయని వ్యాసం రాస్తానన్నావు. కోపంగానే రాయి, వద్దనను. ఉరుము ఉరిమి మంగళం మీద పడకుండా చూసుకో, అంతే.

లాభం అంకె కనబడగానే అమ్మకాలతో భాగించు. ఆ వచ్చే శాతాన్నే మార్జిన్ అంటారు. 2024 జనవరితో ముగిసిన ఏడాదికి వాల్‌మార్ట్ నికర లాభం సుమారు 1,550 కోట్ల డాలర్లు. గుండె గుభేల్మంటుంది కదా? అమ్మకాలు సుమారు 64,800 కోట్లు. అంటే నూటికి రెండున్నర కూడా లేదు. 2023 సెప్టెంబరుతో ముగిసిన ఏడాదికి ఆపిల్‌కు నూటికి పాతిక మిగిలింది. రెండింటినీ ఒకే గాటన కట్టి తిడితే వ్యాసం అక్కడే చచ్చిపోతుంది. 2013లో అమెరికాలో ఒక సర్వే చేసినవాళ్లు కంపెనీలకు నూటికి ఎంత మిగులుతుందని అడిగితే, జనం చెప్పిన జవాబుల సగటు 36. నీ పాఠకుడి మనసులోనూ అలాంటి అంకే ఉంటుందనుకుని మొదలుపెట్టు.

ఏ లాభం అన్నది తర్వాతి చిక్కు. అమెరికా కంపెనీ అయితే అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ వారి ఎడ్గార్ సైటులో 10-కె అనే వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. అందులో లాభనష్టాల పట్టిక తియ్యి. అమ్మకాల్లోంచి సరుకు ఖర్చు తీసేస్తే స్థూల లాభం. అందులోంచి ఆఫీసు జీతాలు, ప్రకటనలు, పరిశోధన లాంటివి తీసేస్తే నిర్వహణ లాభం. వడ్డీ, పన్ను కూడా పోగా మిగిలేది నికర లాభం. ధరలతో ఆడుకుంటున్నారా అని చూడాలంటే నికరం మీద ఆధారపడకు. 2018 నుంచి అమెరికాలో కంపెనీల పన్ను 35 శాతం నుంచి 21కి తగ్గింది. ఎవరి దగ్గరా పైసా ఎక్కువ వసూలు చేయకుండానే నికర మార్జిన్లు పెరిగాయి. అది పన్ను చట్టం మీద చూపాల్సిన కోపం.

ఇక అసలు కిటుకు. సరుకు ఖర్చు 60, ధర 100, మిగులు 40 అనుకో. ఖర్చు 66 అయింది. ధర 106 చేస్తే పెరిగిన ఖర్చు మాత్రమే కొనేవాడి మీద పడ్డట్టు. 110 చేస్తే మిగులు 44. కానీ 110లో 44 అంటే మళ్లీ 40 శాతమే! "మా మార్జిన్ పెరగలేదు" అని కంపెనీ చెబితే అది అబద్ధం కాదు, ఆ 4 ఎక్కువ తీసుకున్న మాటా అబద్ధం కాదు. ఆ 4 జీతాలకూ అద్దెలకూ పోయిందా, కంపెనీ దగ్గరే ఆగిందా అన్నది నిర్వహణ లాభం వరుసలో చూడాలి. శాతం ఒక్కటే చూసి వదిలేయకు. ఎన్ని అమ్మారో నివేదికలో ఉంటే, ఒక్కోదాని మీద ఎంత మిగిలిందో కూడా కట్టు.

దీనికి ఎదురు మోసం పత్రికలది. మార్జిన్ 2 నుంచి 3 అయితే "లాభం 50 శాతం జంప్" అని శీర్షిక పెడతారు. లెక్క తప్పు కాదు. కానీ పెరిగినదంతా తిరిగిచ్చినా నూటికి ఒక్కటే తగ్గుతుంది.

అలాగని సన్న మార్జిన్ ఉంటే పాపం పేదవాడనుకోకు. వంద పెట్టుబడితో ఏడాదికి 800 సరుకు తిప్పేవాడికి రెండున్నర శాతం మిగిలినా 20 వస్తుంది. పెట్టుబడి మీద 20 శాతం, మంచి వ్యాపారం. వంద అమ్మకానికి 400 పెట్టుబడి కావాల్సినవాడికి 20 శాతం మార్జిన్ ఉన్నా పెట్టుబడి మీద వచ్చేది 5 శాతమే. కాబట్టి ఆస్తులు, అప్పులు, పెట్టుబడి చూపే బ్యాలెన్స్ షీట్ కూడా తెరువు.

ఒక్క ఏడాది పట్టుకుని రాయకు, పదేళ్ల అంకెలు పక్కపక్కన పరిచి చూడు. చమురు కంపెనీ ఎక్సాన్ మొబిల్ 2020లో సుమారు 2,240 కోట్ల డాలర్లు నష్టపోయింది, 2022లో సుమారు 5,570 కోట్లు సంపాదించింది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెరిగిన చమురు ధరను అది నిర్ణయించలేదు, లాభం మాత్రం దానికి చేరింది. అయాచితంగా వచ్చిన దాని మీద పన్ను వేయాలా అన్నది వేరే ప్రశ్న. బ్రిటన్ వేసింది, 2022 మేలో 25 శాతం అదనంగా. ధర కంపెనీయే పెంచిందా, పన్ను వేయాలా అన్న రెండు ప్రశ్నలనూ ఒకే పేరాలో కలిపేయకు.

విభాగాల వారీ పట్టిక వెనక పేజీల్లో ఉంటుంది, చాలామంది అంతదూరం వెళ్లరు. 2023లో అమెజాన్ అమ్మకాల్లో క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా కంప్యూటర్ సేవలు అద్దెకిచ్చే విభాగం) వాటా సుమారు ఆరింట ఒక వంతు, నిర్వహణ లాభంలో మాత్రం మూడింట రెండు వంతులు. పార్శిళ్ల మీద దోచుకుంటోందని రాస్తే గురి తప్పినట్టే.

పదేళ్లుగా నిర్వహణ మార్జిన్ ఎత్తులోనే ఉండి, ఆ లాభం చూసి కూడా కొత్తవాడెవడూ రంగంలోకి దిగలేదంటే, అక్కడ ఆగు. ఎందుకు దిగలేకపోయాడో వెతుకు: పేటెంటా, పోటీదారుల్ని కొనేశారా, వాడుకదారు వదిలి వెళ్లే దారి మూసేశారా? నీ కోపమంతా అక్కడ ఖర్చుపెట్టు.

పట్టిక కట్టాక పంపు, చూస్తాను. ప్రతి అంకె పక్కనా నివేదిక పేజీ నంబరు వేయడం మరచిపోకు.

నీ పెదనాన్న